వాస్తవ చిత్రములలో వేషము



కార్తిక అమావాస్య మొదలుకొని అయిదు దినములు కారెంపూడిలో జరుగు వీరుల తిరునాళ్లను దుర్గి, మాచర్ల, గురజాల ప్రాంతముల పెద్దలకు నేను వర్ణింప బనిలేదు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమునకొక పేరు. వీరుల కథ పాడువారు పాడుచుండ, పూనకము వచ్చినవారు ఆయుధములు పట్టి ఆడుదురు. మందపోరునాడు చాపకూడు. మఱునాడు బ్రహ్మనాయునికిని నాగమ్మకును జరిగిన కోడిపందెమును మఱల చూపుదురు. 12వ శతాబ్దిలో ముగిసిన పోరు నేడు నిజముగా జరుగుచున్నదని తిరునాళ్లకు వచ్చిన పసివాడైనను భ్రమపడడు. అది తలచుకొనుట యని అందఱును ఎఱుగుదురు.

ఈ కోడిపోరునే దూరదేశము వాడొకడు వచ్చి చిత్రము పట్టెననుకొనుడు. తీసికొనిపోయి తన నగరములో తెఱమీద చూపుచు, “పలనాటి జనులు నేటికిని కోడిపందెములమీద రాజ్యములు ఒడ్డుదురు” అని క్రింద వ్రాసెననుకొనుడు. తెఱమీద కనబడిన కోడి నిజమైనది, ఎగిరిన దుమ్ము నిజమైనది, కేకలు వేసిన మనుష్యులు మన బంధువులే. అయినను ఆ చిత్రము చెప్పినది అబద్ధము. ఇట్టి చిక్కును గుఱించియే నేటి ప్రసంగము.

నటులు వేషములు వేసి ఆడు కథాచిత్రములు ఒక తెగ. ఉన్నదానిని ఉన్నట్లు చూపుదుమని చెప్పు చిత్రములు మఱియొక తెగ. ఈ రెండవదానిని ఇంగ్లీషువారు డాక్యుమెంటరీ యందురు. మనము వాస్తవ చిత్రమందము. డేరా టాకీసులలో చూచిన పెద్దలకు జ్ఞాపకముండును: అసలు ఆట మొదలు కాకముందు వరదలను గుఱించియో, ఆనకట్టలను గుఱించియో, అడవిజాతుల నృత్యములను గుఱించియో ఒక చిన్న చిత్రము వేసెడివారు. 1948లో ఏర్పడిన ఫిలింస్ డివిజన్ అను ప్రభుత్వ శాఖ వీనిని తీసి దేశమంతట పంపెడిది. మనలో అనేకులు నాగా జనులను, గోండులను, హిమాలయవాసులను మొదట చూచినది ఆ పది నిమిషములలోనే. చూచి నమ్మితిమి. ఏల నమ్మితిమి? కెమెరా కంటికెదురుగా ఉన్నదానినే పట్టును గదా యని. కంటికెదురుగా ఉన్నదానిని అక్కడ ఎవరు నిలిపిరను ప్రశ్న మనకు తోచలేదు.

నాగార్జునకొండ ఫలకములపై బుద్ధుని చరిత్రను చెక్కిన శిల్పులు ఆయనకు ఏడెనిమిది వందల యేండ్ల తరువాతివారు. ఒకే ఫలకములో ఒకే మనుష్యుని రెండు మూడు తావులలో నిలిపి కథ నడిపిరి. దుర్గి శిల్పి నేడు అట్టి బొమ్మను చెక్కినను ఎవరును మోసపోరు. రాతిమీద ఉలి జాడ కనబడుచునే యుండును. ఫిలిముమీద అట్టి జాడ కనబడదు. కష్టమంతయు అక్కడ ఉన్నది.

ఈ పని ఎప్పుడు మొదలైనదో చూతము. 1898లో హాడన్ అను ఇంగ్లీషు పండితుడు ఆస్ట్రేలియాకు ఉత్తరముననున్న టారెస్ జలసంధి ద్వీపములకు పరిశోధకులతో పోయెను. పరిశోధనకు పోవువారు చలనచిత్ర యంత్రమును వెంట గొనిపోవుట అప్పటికి క్రొత్త. మెర్ అను ద్వీపములో మాలో అను దేవతకు సంబంధించిన నృత్యమును పట్టవలెనని ఆయన కోరిక. కాని ఆ ద్వీపములకు క్రైస్తవ ప్రచారకులు 1871లోనే వచ్చియుండిరి. పూర్వపు పవిత్ర ముఖములు నాశనమై యుండెను. హాడన్ అట్టముక్కలు ఇచ్చి ముఖములు చేయించెను. పెద్దలు వానిని ధరించి నృత్యము చేసిరి. నేడు మిగిలినది కొలది నిమిషముల ఫిలిము. మతము మారిన తరువాత, అట్టముఖములతో, తెల్లవాని కోరికమీద జరిగిన నృత్యము అది. అయినను ఆ ముసలివారి అడుగులు మాత్రము వారు నిజముగా నేర్చినవే. ఈ రెండును ఒకేసారి నిజమగుటను శ్రోతలు మనస్సున ఉంచుకొనవలెను. ఈ విషయమున సుళువైన తీర్పు లేదు.

తరువాతివాడు అమెరికాదేశపు ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డు కర్టిస్. ఈయన కెనడా పశ్చిమతీరమున క్వాక్వాక్యవాక్వ్ అను జనులచేత ఒక కథ ఆడించి 1914లో చిత్రముగా చూపెను. తెల్లవారు రాకముందటి కాలము కనబడవలెనని మీసములు తీయించి, కృత్రిమ కేశములు పెట్టించి, మిల్లుబట్టలు విప్పించి దేవదారు నారబట్టలు కట్టించెను. తలలు నఱకు యుద్ధములను కథలో చొప్పించెను. అవి అంతకు పూర్వమే పోయినవి. ఇంతవఱకు తప్పే. కాని ఇంకొక సంగతి కలదు. ఆ జనుల దానోత్సవములను కెనడా ప్రభుత్వము 1880లలోనే చట్టముచేత నిషేధించెను. ఆ నిషేధము 1951 వఱకు తొలగలేదు. చేసినవారిని చెఱసాలకు పంపిరి. అట్టి కాలములో “సినిమాకొఱకు” అను సాకుతో వారు తమ నృత్యములను పగటివేళ బాహాటముగా ఆడగలిగిరి. 2008లో ఆ చిత్రమును బాగుచేసి మఱల చూపినపుడు, ఆనాడు నటించినవారి సంతతివారే వేదికయెక్కి ఆడిరి. కర్టిస్ తన కథను తీసికొనెను. వారు తమ నృత్యమును దాచుకొనిరి. ఎవరు ఎవరిని వాడుకొనిరో చెప్పుట కష్టము.

ఇక అందఱిలోను ప్రసిద్ధుడు రాబర్టు ఫ్లహర్టీ. ఈయనను గుఱించి కొంత నిదానముగా చెప్పెదను. ఈయన గనుల పరిశోధకుడుగా ఉత్తర కెనడా మంచుదేశములలో తిరిగి, అచ్చటి ఇనూయిట్ జనులను ఎఱిగినవాడు. ఎస్కిమోలని మన పాఠపుస్తకములలో వ్రాసినది వీరినే. మొదట తీసిన 30,000 అడుగుల ఫిలిము సిగరెట్టు నిప్పు పడి టొరాంటో నగరములో కాలిపోయెను. పట్టువిడువక 1920లో ఉన్ని చర్మముల వర్తకసంఘము వారి ధనముతో మఱల పోయి, సుమారు ఒక సంవత్సరముండి తీసిన చిత్రమే “నానూక్ ఆఫ్ ది నార్త్”. 1922లో విడుదలయై ప్రపంచమంతట ఆడెను.

అందలి నానూక్ అసలు పేరు అల్లకరియల్లక్. చిత్రములో ఆయన భార్యగా కనబడినామె ఆయన భార్య కాదు. మంచుదిమ్మెలతో కట్టు ఇగ్లూ అను గుడిసెలో కుటుంబము నిదురలేచు ఘట్టము కలదు. నిజమైన ఇగ్లూ చిన్నది, చీకటిది. ఆనాటి ఫిలిమునకు మంచి వెలుతురు కావలెను, కెమెరాకు ముక్కాలిపీటకు చోటు కావలెను. కనుక మామూలుకంటె పెద్దగుడిసె కట్టించి, ఒక ప్రక్క గోడ లేకుండ సగము తెఱచియుంచిరి. చలిగాలి నేరుగా కొట్టుచుండ ఆ తల్లియు పిల్లలును బట్టలు విప్పి చర్మపు దుప్పట్లలో దూఱి “వెచ్చగా” నిద్రించుట నటించిరి! మన నాటకములలో వేసవిలో ఉన్నికంబళి కప్పుకొని వణకు వేషగాడు జ్ఞాపకము వచ్చును. ఇది దానికి తలక్రిందులు.

వర్తకుని దుకాణములో గ్రామఫోనును చూచి నానూక్ ఆశ్చర్యపడి, పలకను పండ్లతో కొఱికి చూచు ఘట్టము మఱియొకటి. చూచినవారు నవ్విరి. కాని ఆయనకు గ్రామఫోను క్రొత్త వస్తువు కాదు. ఆయన చుట్టును తెల్లవారి వర్తకము తరతరములుగా జరుగుచుండెను. మంచురంధ్రమునుండి సీలు అను జంతువును త్రాటితో లాగుచు క్రిందమీద పడు ఘట్టములో ఆ సీలు ముందే చచ్చినది. త్రాటి రెండవకొన కెమెరాకు కనబడనిచోట కొందఱు పట్టి లాగుచుండిరి. వాల్రసు అను కోరల జంతువును ఈటెలతో వేటాడిన ఘట్టము మాత్రము ప్రమాదకరమైనదే. ఆనాటికి వారు తుపాకులు వాడుచుండిరి. తాతలవలె ఈటెలతో వేటాడుడని ఫ్లహర్టీ కోరెను. చిత్రమునకు అడ్డువచ్చునెడల వేటను విడిచిపెట్టవలసియుండునని తాను ముందే చెప్పితిననియు, చిత్రమే ముఖ్యమని నానూక్ ఒప్పుకొనెననియు ఫ్లహర్టీయే వ్రాసెను. బాణములవంటి ఈటెలు తగిలి జంతువు మనుష్యులను సముద్రమువైపు ఈడ్చుచుండ వారు తుపాకి కొఱకు కేకలు వేసిరనియు, ఆయన వినబడనట్లు కెమెరా త్రిప్పుచుండెననియు చెప్పుదురు.

నానూక్ తరువాత ఆకలిచే మరణించెనని లోకమునకు ప్రకటించిరి. క్షయవ్యాధి కారణమై యుండునని నేటి పండితుల అభిప్రాయము. ఆకలిచావు కథకు సరిపోయినది. ఆ వ్యాధి బయటివారితో కలిసియుండుటవలన ఆ ప్రాంతమునకు వచ్చినది గనుక కథకు సరిపోలేదు.

ఇంతచెప్పి ఫ్లహర్టీని మోసగాడని త్రోసివేయుట నాకు ఇష్టము లేదు. ఆయన తీసిన ఫిలిమును అక్కడనే కడిగి, ఆ జనులకే చూపుచుండెను. తెఱమీది వాల్రసును చూచి వారు పట్టుకొను పట్టుకొను అని కేకలు వేసిరట. మంచును పగులగొట్టి నీరు తెచ్చి ఫిలిము కడుగుటయు, యంత్రములను చూచుకొనుటయు వారే నేర్చి చేసిరి. అనగా గ్రామఫోను ఎఱుగనివాడుగా తెఱమీద కనబడిన మనుష్యుని ఊరివారు కెమెరా పనివారు! ఈ వింత ఆ చిత్రములో ఎక్కడను కనబడదు. నా మనవి యేమనగా, వెనుకటి వేటను చేసి చూపించుట తప్పు కాదు. “ఇది వీరి తాతల పద్ధతి, నా కోరికమీద చేసి చూపిరి” అని ఒక్క పంక్తి వ్రాయకపోవుట తప్పు.

ఫ్లహర్టీ ఈ పద్ధతిని విడువలేదు. సమోవా ద్వీపములలో తీసిన “మోనా” 1926లో వచ్చినది. మానుచున్న పచ్చబొట్టు సంస్కారమును దానికొఱకు ఒక యువకునికి చేయించిరి. ఆ చిత్రమును గుఱించి వ్రాయుచునే గ్రియర్సన్ అను విమర్శకుడు డాక్యుమెంటరీ అను మాటను వాడుకలోనికి తెచ్చెను. ఐర్లండు ప్రక్కనున్న ఆరాన్ ద్వీపములలో 1934 నాటి చిత్రమునకై, అక్కడివారు ఎప్పుడో మఱచిన సొఱచేపల వేటను బయటివారిచేత వారికి నేర్పించి పట్టిరి. తండ్రి, తల్లి, కొడుకు అని చూపిన ముగ్గురును వేర్వేఱు ఇండ్లవారు. తరువాత మన దేశమునకు వచ్చి మైసూరు రాజ్యములో 1937 నాటి “ఎలిఫెంట్ బాయ్” చిత్రమున పాలుపంచుకొనెను. కారాపురమునకు చెందిన మావటివాని కొడుకు సాబూ అందువలన లోకప్రసిద్ధుడయ్యెను. అది కిప్లింగు కథయని ముందే చెప్పిరి గనుక దానిపై మనకు తగవు లేదు.

మనకు ఇంకను దగ్గఱి ఉదాహరణము బస్తరు. ఓరుగల్లు కాకతీయుల వంశమువారమని చెప్పుకొన్న రాజుల దేశమది. అక్కడి ఇంద్రావతి మన గోదావరిలో కలియుచున్నది. అచ్చట నారాయణపురము దగ్గఱి గఢ్ బెంగాల్ గ్రామమునకు స్వీడను దేశమునుండి ఆర్నె సూక్స్‌డోర్ఫ్ అను దర్శకుడు వచ్చెను. అంతకు ముందే ఆస్కార్ బహుమానము పొందినవాడు. మురియా గోండులచేతనే నటింపజేసి, ఒక అడవికథను అల్లి, పెద్దతెఱకు తగిన రంగులచిత్రము తీసెను. 1957లో విడుదలయైన దీనికి రవిశంకరు సంగీతము కూర్చెను. మఱుసటి యేడు కాన్ నగర ఉత్సవములో చూపిరి. అందు పులిపిల్లతో ఆడుకొను బాలుడు చేంద్రు. పులికూనతో అతడున్న బొమ్మలను దర్శకుని భార్య పుస్తకముగా ప్రకటించెను. ఆ పుస్తకము ఎన్నో భాషలలోనికి పోయెను. చేంద్రును స్వీడనునకు తీసికొనిపోయి కొంతకాలముంచి తిరిగి పంపిరి.

తరువాత? అతడు తన గ్రామమునకు వచ్చి, వ్యవసాయము చేసికొనుచు, బీదగా బ్రదికెను. అప్పుడప్పుడు పత్రికలవారు వచ్చి “పులిబాలుడు” ఎక్కడ యని అడిగి, ముసలివానిని చూచి పోవుచుండిరి. 2013లో మరణించెను. చిత్రములోని బాలుడు ఎదుగడు, పులియు ముసలిదికాదు, అడవిలో రోడ్డు పడదు, పన్నులవాడు రాడు. తెఱమీది బస్తరు 1957లోనే ఆగిపోయినది. నేలమీద ఉన్నవాడు మాత్రము మఱి యయిదు దశాబ్దములకు పైగా గడుపవలసి వచ్చెను.

ఇప్పుడు నల్లమలవైపు చూతము. దుర్గి, మాచర్ల, బొల్లాపల్లి ప్రాంతములలో అడవి అంచున చెంచు గూడెములు కలవు. కృష్ణకు ఆవలి అమ్రాబాదు కొండలలో వారి పెంటలు కలవు. తెలుగువారు చెంచులను తెఱమీద చూచినది చాలవఱకు “చెంచులక్ష్మి” కథలో: 1943లో ఒకసారి, 1958లో మఱియొకసారి. నరసింహస్వామి కథ గనుక అది పురాణమని అందఱికిని తెలియును. ఆ వేషమును చూచి ఎవరును నిజమైన చెంచు ఇల్లాలితో పోల్చలేదనుకొందును. కనీసము పోల్చకూడదు.

ఆ అమ్రాబాదు పెంటలలోనే 1940లో ఒక విదేశీయుడు మకాము వేసెను. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆ ఆస్ట్రియా పండితుడు యుద్ధకాలమున శత్రుదేశ ప్రజగా ఎంచబడి నైజాము రాజ్యములో ఉండవలసి వచ్చెను. ఆ నిర్బంధమును పనిగా మార్చుకొని చెంచులతో తిరిగి 1943లో వారిని గుఱించి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఛాయాచిత్రములును తీసెను. ఆయన చూపు ఆనాటి విదేశీయుని చూపే. ఆ బొమ్మలలో అడవిచెంచులకు ముందుపీట కలదు. కాని అడవికి అంచున గ్రామములలో స్థిరపడిన చెంచులను గుఱించియు ఆయన వ్రాసెను. అడవిశాఖ వచ్చి వారి బ్రదుకు ఎట్లు మారినదో వ్రాసెను. ఏండ్లు గడచిన తరువాత మఱల వచ్చి చూచి, గిరిజనుల భూములు ఎట్లు చేతులు మారినవో 1982లో ఇంకొక గ్రంథమున చెప్పెను. ఏ యేడు, ఏ చోట, ఎవరియొద్ద విన్నది అని వ్రాసినవాని తప్పులను తరువాతివారు దిద్దవచ్చును. తేదీ లేని చిత్రమును దిద్దుట ఎట్లు?

ఇది పండితుల తగవని శ్రోతలు అనుకొనవచ్చును. కాదని మనవి. విల్లుపట్టి తేనెపట్టు తీయు చెంచును మాత్రమే తెఱమీద చూచిన అధికారికి, ఆ చెంచే పట్టాకొఱకు అర్జీ పట్టుకొని కచేరి వాకిట నిలుచుట వింతగా తోచును. వీడు నిజమైన చెంచు కాడేమో యనిపించును. చొక్కా తొడిగినందుకు, చదువు అడిగినందుకు మనుష్యుడు తన జాతికి కాకుండపోవునా? కర్టిస్ కాలమున “అంతరించు జాతి” అను మాట మిక్కిలి ప్రచారములో నుండెను. అంతరించువారికి నేల ఏల, న్యాయస్థానము ఏల యని చూచినవారు అనుకొనుటకు ఆ బొమ్మలు తోడ్పడెను. నల్లమలలో నేడు పులుల సంరక్షణకు కావలి తిరుగువారిలో చెంచులు కలరు. జీతము తీసికొని అడవిలో కావలి కాయు ఆ చెంచు, వేటగాడైన అతని తాతకంటె తక్కువ చెంచు కాడు.

నేడు కెమెరా లేని జేబు లేదు. చిత్రము పట్టువారు దుర్గికిని వచ్చెదరు. శిల్పి రాయి కోయుటకు విద్యుత్తు యంత్రము పెట్టుకొన్నయెడల, దానిని ప్రక్కకు నెట్టి ఉలి, సుత్తి మాత్రమే పట్టుమందురు, తలపాగ చుట్టుకొమ్మందురు, తిరునాళ్లు కాని మాసములో పూనకము చూపుమందురు. కూలియిత్తుమందురు. సరే, కూలి పుచ్చుకొని చేసి చూపవచ్చును; వేషము వేయుట మనకు క్రొత్త కాదు. కాని పెద్దలు కొన్ని మాటలు అడుగవచ్చును. ఇది ఎవరికి చూపెదరు? చేసి చూపినది చేసి చూపినట్లుగా తెఱమీద వ్రాసెదరా? మనుష్యుల పేరులు వేసెదరా? పూర్తియైన తరువాత తెచ్చి ఊరి నడుమ చూపెదరా? ఈ కడపటిది పెద్ద కోరిక కాదు. 1920లో మంచుదేశములో ఫ్లహర్టీయే ఆ పని చేసెను. మఱియు, వారు వచ్చిన దినమున ఏ వస్తువును దాచుమనిరో జ్ఞాపకముంచుకొనుడు.

ఏలయన, పైన చెప్పిన కర్టిస్ 1910 ప్రాంతమున పీగన్ అను తెగవారి గుడారములో ఇద్దరు మనుష్యులను కూర్చుండబెట్టి ఛాయాచిత్రము తీసెను. చుట్టును వారి గొట్టములు, తోలుసంచులు, పవిత్రవస్తువులు. గ్రంథములో అచ్చువేసిన బొమ్మలో ఆ ఇద్దఱి నడుమ ఒక పెట్టె మాత్రము అస్పష్టముగా నుండును. అచ్చువేయుటకు ముందు అక్కడ ఏదో చెరిపిరి. చెరుపకముందటి మూలచిత్రము వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున నేటికిని ఉన్నది. అందు ఆ ఇద్దఱి నడుమ, చేతికందునంత దూరములో, ఒక గడియారమున్నది.